ములింగార్‌లో సెగగడ్డ

సెగగడ్డకు వేళాపాళా తెలీదంటారు. తెలీకపోవచ్చు. చోటు ఎంచుకోవడంలో మాత్రం దానికున్న తెలివి రియల్ ఎస్టేటు వాళ్ళకు కూడా లేదు. ఇంత ఒళ్ళు ఖాళీగా పడి ఉండగా ఏ మోచేతి మీదో భుజం మీదో లేవొచ్చు కదా! లేవదు. కూర్చుంటే కుర్చీకి, నడిస్తే ప్యాంటుకు, పడుకుంటే పరుపుకు తగిలే చోటు వెతుక్కుని మరీ లేస్తుంది. నాకు లేచిన చోటు గురించి ఇంతకన్నా వివరంగా రాస్తే సంపాదకులు ఊరుకోరు.

మేముండేది ములింగార్. ఐర్లండ్ మధ్యలో, వెస్ట్‌మీత్ కౌంటీలో, డబ్లిన్‌కు ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక పక్క లాక్ ఓవెల్ చెరువు, ఇంకో పక్క లాక్ ఎనెల్ చెరువు, ఊరిని చుట్టుకుని రాయల్ కెనాల్, మిగతాదంతా పచ్చిక, ఆ పచ్చికలో పశువులు. ఇక్కడి పెయ్యల పుష్టి మీద ఐర్లండ్‌లో ఒక సామెతే ఉంది. ఫిబ్రవరి నెల. బయట ఏడు డిగ్రీలు, ఆపైన వాన. ఈ వాతావరణంలో నుంచి తణుకు ఫోన్ చేసి గడ్డ లేచిందని చెబితే మా అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"వేడి చేసిందిరా."

"అమ్మా, ఇక్కడ చలికి కుళాయి నీళ్ళు చేతికి తగిలితే కేక వస్తోంది."

"ఒంట్లో వేడికి, బయట చలికి సంబంధం ఏంటి? ఏదీ, వీడియోలో చూపించు."

"చూపించే చోటు కాదే."

"చిన్నప్పుడు నేను చూడనిదా!"

ఈలోగా వెనక నుంచి మా పిన్ని: "ఎవరికక్కా, మనవాడికేనా? సున్నం, బెల్లం నూరి పట్టు వెయ్యమను." ఆ వెనక నుంచి ఇంకో గొంతు, బహుశా పాలు తెచ్చిన ఆవిడది: "ఉల్లిపాయ కాల్చి కట్టాలండీ, తెల్లారేసరికి పగిలిపోద్ది." నా గడ్డ సంగతి నేను ఫోన్ పెట్టేసేలోపే ఉండ్రాజవరం దాకా వెళ్ళిపోయి ఉంటుంది.

చివరికి అమ్మ తీర్పు చెప్పింది. లేత తమలపాకుకు ఆముదం రాసి, దీపం మీద వెచ్చబెట్టి, గడ్డ మీద వేసి కట్టాలి. పూటకొకటి మార్చాలి. మజ్జిగ తాగాలి. మామిడిపండు ముట్టకూడదు. ఫిబ్రవరిలో వెస్ట్‌మీత్‌లో ఆ చివరి షరతు పాటించడానికి పెద్దగా నిగ్రహం అక్కర్లేదు. ఆముదం మందుల షాపులో దొరికింది, చిటికెన వేలంత సీసాలో, కనురెప్పల వెంట్రుకలు పెరగడానికట. తమలపాకే దొరకలేదు. మా ఆవిడ ఫ్రిజ్‌లోకి తొంగి చూసి, "లెట్యూస్ ఉందండీ, వేసి చూద్దామా?" అంది. ముఖంలో నవ్వు లేదు. అందుకే భయమేసింది.

కారులో కూర్చునే యోగం పోయింది కాబట్టి డబ్లిన్‌లో ఆఫీసుకు రైల్లో వెళ్ళడం మొదలుపెట్టాను. రైలు ఖాళీ. నేను నిలబడ్డాను. ఐర్లండ్ వాళ్ళకు మనిషి నిలబడితే చూడలేని జబ్బు ఒకటుంది. మేనూత్ స్టేషను వచ్చేలోపు ఒక పెద్దావిడ తన బ్యాగు తీసి పక్క సీటు చూపించింది, ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఫర్వాలేదండీ అంటే నమ్మరు. నేను మొహమాటపడుతున్నానని వాళ్ళకు జాలి. ఆఫీసులో బల్ల ఎత్తు పెంచుకుని నిలబడి పనిచేస్తుంటే, ఆరోగ్యం మీద శ్రద్ధ అంటే ఇలా ఉండాలని మా మేనేజరు పదిమందిలో మెచ్చుకుంది. సాయంత్రం ఊళ్ళో దిగి మార్కెట్ స్క్వేర్ మీదుగా నడుస్తుంటే, అక్కడ గాయకుడు జో డోలన్ కంచు విగ్రహం చేయి చాచి నిలబడి ఉంటుంది. ఈ ఊరివాడే, 2007లో పోయాడు. హాయిగా, కూర్చోవలసిన అవసరం లేకుండా నిలబడ్డ ఆయన్ని చూస్తే అసూయ కలిగింది.

ఇలా నిలబడి పనిచేసిన పెద్దల్లో కారల్ మార్క్స్ ఉన్నాడు. ఏళ్ళ తరబడి గడ్డలతో యమయాతన పడ్డాడు. ‘పెట్టుబడి’ మొదటి సంపుటం 1867లో అచ్చవుతున్న రోజుల్లో, బూర్జువాలు నా గడ్డల్ని జన్మలో మరిచిపోరని ఏంగెల్స్‌కు ఉత్తరం కూడా రాశాడు. అవి మామూలు సెగగడ్డలు కావు, చంకల్లో గజ్జల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే ఇంకో చర్మవ్యాధి అని 2007లో శామ్ షుస్టర్ అనే చర్మవైద్యుడు తేల్చాడు. పాపం, నూట నలభై ఏళ్ళు ఆలస్యంగా.

మా పక్కింటి పెద్దాయన నా నడక చూసి గోడ అవతలి నుంచే రోగం కనిపెట్టేశాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళమ్మ ఎండిన రొట్టెను మరిగే నీళ్ళలో వేసి, ముద్ద చేసి, గుడ్డలో చుట్టి గడ్డ మీద పెట్టేదట. మనం బియ్యప్పిండి ఉడకబెట్టి వేసే ముద్దకు స్వయానా పెదనాన్న కొడుకు. ఇంకో పద్ధతి కూడా చెప్పాడు. సీసాలో సలసల కాగే నీళ్ళు పోసి, పారబోసి, ఆ వేడి సీసా మూతిని గడ్డ మీద బోర్లించాలి. సీసా చల్లారేకొద్దీ చీమును లాగేస్తుందట. లాగే మాట ఏమోగాని, చర్మం కాలడం ఖాయం. నేను రొట్టె దగ్గరే ఆగిపోయాను.

ఇలాంటి చిట్కాలకు ఈ దేశంలో లెక్కే లేదు. 1937 నుంచి 1939 దాకా బడిపిల్లల చేత ఇంట్లో ముసలివాళ్ళను అడిగించి, కథలు, ఆచారాలు, వైద్యాలు అన్నీ నోటుపుస్తకాల్లో రాయించారు. అవి డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోని జానపద భాండాగారంలో ఉన్నాయి. ఇప్పుడు కంప్యూటర్లో కూడా చదువుకోవచ్చు. పులిపిరికి ఒకరు, తామరకు ఒకరు, కాలిన గాయానికి ఒకరు, ‘మందు తెలిసినవాళ్ళు’ ఉంటారని ఇప్పటికీ పల్లెల్లో చెప్పుకుంటారు. వాళ్ళకు డబ్బివ్వకూడదు. కొన్నిచోట్ల థాంక్స్ కూడా చెప్పకూడదట. మా ఊళ్ళో తేలుమంత్రం వేసే తాతగారు కూడా పైసా ముట్టేవారు కాదు. ఆయనకు ఇక్కడ వీసా తేలిగ్గా వచ్చేది.

అసలు వైద్యం మాత్రం మా వీధి చివర ఉండే మలయాళీ సిస్టర్ చెప్పింది. ఊళ్ళోని రీజినల్ ఆసుపత్రిలో నర్సు. ఆవిడ గడ్డను చూడనేలేదు, నా కారును చూసింది. "సీటు హీటర్ వేసుకుంటారా?"

వేసుకుంటాను. మూడు నంబరులో. దాని మీద రెండు పొరల థర్మల్స్, ఆపైన బిగుతు జీన్స్, రోజూ గంటకు పైగా ఒకే చోట ఒరిపిడి, చెమట. సిస్టర్ తల ఊపింది. అదే కారణమని ఒట్టేసి చెప్పలేనుగానీ, గడ్డకు ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదంది.

గడ్డ లేపే పని చేసేది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి. మనుషుల్లో దాదాపు మూడోవంతు మంది ముక్కుల్లో అద్దె కట్టకుండా కాపురముంటుంది. చర్మం ఒరుసుకుపోతే వెంట్రుక కుదురులోంచి లోపలికి దిగుతుంది. దానితో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలే చీము. 1880 ప్రాంతంలో స్కాట్లండ్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ గడ్డల్లోంచి చీము తీసి మైక్రోస్కోపు కింద చూస్తే ఈ క్రిముల గుంపులు కనబడ్డాయి. అంతదాకా పుండన్నాక చీము పట్టడం సహజమేనని పెద్ద పెద్ద డాక్టర్లే అనుకునేవారు. 1928లో, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ పళ్ళెంలో బూజు చంపిన క్రిములు కూడా ఈ జాతివే. ఇక మా జిల్లా పరువు నిలబెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడుపుతున్నప్పుడే బెంజమిన్ డగ్గర్ మట్టిలోంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడే సుబ్బారావుగారు పోయారు.

ఇంత చరిత్ర చెప్పి నేను యాంటీబయాటిక్ అడిగితే సిస్టర్ ఇవ్వనిచ్చేలా లేదు. చిన్న గడ్డకు మాత్రలు అక్కర్లేదంది. శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగలిగేంత వేడినీళ్ళలో ముంచి, పిండి, పది నిమిషాలు పెట్టాలి. రోజుకు మూడు నాలుగుసార్లు. వేడికి నెత్తురు అటు పరిగెడుతుంది, చర్మం మెత్తబడుతుంది, దారి దొరికి చీము దానంతట అదే పోతుంది. నొక్కకూడదు. సూదితో పొడవకూడదు. జ్వరమొచ్చినా, చుట్టూ ఎరుపు పాకినా, ముఖం మీద లేచినా, ముఖ్యంగా ముక్కు, పైపెదవి దగ్గర, చిట్కాలు కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. షుగరున్నవాళ్ళయితే ముందే వెళ్ళాలి. తువ్వాలు ఎవరితోనూ పంచుకోకూడదు, అరవై డిగ్రీల నీళ్ళలో ఉతకాలి.

ఇదంతా ఫోన్లో చెబితే అమ్మకు రెండే మాటలు వినిపించాయి. సీటు హీటరు, వేడిగుడ్డ.

"చెప్పానా! వేడి చేసి లేచింది, సెగ పెడితే పోతుంది. దానికి నర్సమ్మ దాకా వెళ్ళాలా?"

వాదించడానికి నా దగ్గర సరుకు లేదు. కారణంలో అమ్మకూ సిస్టర్‌కూ పొసగదు గానీ వేడిగుడ్డ దగ్గరికొచ్చేసరికి తణుకు, కేరళ, వెస్ట్‌మీత్ ముగ్గురూ ఒకే మాట మీదున్నారు. ఒక రాత్రి గడ్డ తనే పగిలింది. కడిగి, గాజుగుడ్డ వేసి, మర్నాడు డిన్నర్ టేబుల్ ముందు పూర్తిస్థాయిలో కూర్చున్నాను. మా ఆవిడ నా తువ్వాలుకు బాత్రూములో వేరే మేకు కొట్టించింది, ఇంకా తియ్యలేదు.

మళ్ళీ రాకుండా షుగర్ పరీక్ష చేయించుకోమంటే చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. ఆ కబురు చెప్పగానే అమ్మ గొంతు వెలిగిపోయింది.

"బతికించావు! సంక్రాంతికి చేసిన అరిసెలు నీ వాటా డబ్బాలో దాచే ఉంచాను, రేపే పార్సిల్ చేయిస్తా. కాస్త వేడి చేస్తాయి, మజ్జిగ తాగు."