హీరోలకూ కావాలి అరవై రోజులు

నాట్లకూ కోతలకూ కలిపి ఏడాదిలో అరవై రోజులు ఉపాధి పనులు ఆపేస్తారట. ఉపాధి హామీ స్థానంలో తెచ్చిన కొత్త చట్టంలో రాసేశారు. ఎందుకయ్యా అంటే, పొలాలకు కూలీలు దొరకాలి, కూలి రేట్లు కృత్రిమంగా పెరగకూడదు అని ఢిల్లీ వివరణ. ఇంత గొప్ప సూత్రాన్ని మట్టిపనికే పరిమితం చేయడం ఏం న్యాయం? సీజన్ వచ్చిందంటే రేటు పెంచేసేవాళ్లు మన దగ్గర ఇంకొందరున్నారు. సినిమా హీరోలు.

కాబట్టి నా మనవి: సంక్రాంతికి ముందు అరవై రోజులు ఊళ్లో ఒక్క నిర్మాత ఆఫీసు తప్ప అన్నీ మూసెయ్యాలి. ఓటీటీలు, యాడ్‌లు, నగల షాపుల ప్రారంభోత్సవాలు బంద్. ఇంకోచోట పని ఉందని తెలిస్తే మనిషి బేరమాడతాడు. అది కృత్రిమం.

ఇక చూడండి. కోడి కూయకముందే ఫిలింనగర్ అడ్డా మీద హీరోలు క్యారేజీలు పట్టుకుని నిలబడతారు. మేస్త్రీ ఆటో ఆపుతాడు.

"ఎంతిస్తావు?"

"నిన్న ఎంతో అంతే."

"మొన్న పక్క బ్యానర్‌వాళ్లు ఎక్కువిచ్చారే?"

"పక్క బ్యానర్ మూతపడింది బాబూ. ఎక్కుతావా, ఇంకొకణ్ని ఎక్కించుకోనా?"

ఎక్కుతాడు. ఎక్కక ఏం చేస్తాడు! హీరోయిన్లకు కూలి కాస్త తక్కువ. ఈ ఒక్క విషయంలో సినిమావాళ్లు పొలం పద్ధతే పాటిస్తున్నారు గనక కొత్తగా రూలు రాయనక్కర్లేదు.

ఉపాధి పనిలో లాగే హాజరు కింద రోజుకు రెండు ఫొటోలు యాప్‌లో ఎక్కాలి. సిగ్నల్ అందకపోతే ఆ పూట చేసిన ఫైటు లెక్కలోకి రాదు. సాయంత్రం ఫీల్డ్ అసిస్టెంటు టేపు పట్టుకొచ్చి, విలన్ గాల్లోకి ఎన్ని అడుగులు ఎగిరాడో కొలుస్తాడు. కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. డబ్బులా? పడతాయి, ఆధార్ లింకయి ఉంటే. మరీ ఇబ్బందైతే కనీస కూలి ఉండనే ఉంది. దేశమంతటికీ వర్తించేలా రోజుకు 176 రూపాయలని 2017లో ప్రకటించారు. 375 చేయమని 2019లో నిపుణుల కమిటీ చెప్పింది గానీ, అంత తొందరేం వచ్చింది?

హీరోలకు ఈ చట్టం రాదని నాకూ తెలుసు. పెద్ద సినిమా వస్తే టికెట్ రేటు పెంచుకోండని సర్కారే జీవో ఇస్తుంది. దాని పేరు గిరాకీ. మోకాలి లోతు బురదలో పొద్దంతా నడుం వంచి నాటు వేసే ఆడమనిషి వంద ఎక్కువ అడిగితే మాత్రం కృత్రిమం! ఏడాది మొత్తంలో ఆమె తన రేటు తాను చెప్పగలిగేది ఆ కొద్ది వారాలే. ఎండాకాలం పనుల్లేక కూలి పడిపోయినప్పుడు ఆ పడిపోవడం కృత్రిమమని ఒక్కడూ అనలేదు. కరువు పనికి పోతే రోజుకు 307 రూపాయలు (2025-26 రేటు) వస్తుందన్న ధీమా ఉంటేనే కదా ఆమె "ఆ కూలికి రాను" అనగలిగేది. ఆ ఒక్క మాటను ఆమె నోట్లోంచి లాక్కున్నారు. రైతుకు గిట్టడం లేదా? నిజమే, గిట్టడం లేదు. ధర పెంచండి. కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఇప్పించండి. అతని నష్టాన్ని ఆమె కూలిలోంచి పూడుస్తామనడానికి సిగ్గుండాలి.

కూలి ఎంతో తేల్చేటప్పుడు ఆమెనూ అడగాలన్నది పాత మాటే. వ్యవసాయ కూలీల కనీస వేతనాల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లోనే 99వ ఒప్పందం తెచ్చింది. వేతనం ఖరారు చేసే పనిలో యజమానులతో పాటు కూలీలనూ సమానంగా కూర్చోబెట్టాలన్నది అందులోని షరతు. ఫ్యాక్టరీలకూ వర్తకానికీ సంబంధించిన 26వ ఒప్పందాన్ని 1955లో ఆమోదించిన మన దేశం, పొలానికి సంబంధించిన దీన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

ఉపాధి పనులు ఆపే ఆ అరవై రోజులు ఏవో ప్రకటించాల్సింది ఇక రాష్ట్రాలే. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో వాటిని ఖరారు చేసే మీటింగు పెట్టినప్పుడు నాటు వేసే మనిషిని ఒక్కరినైనా పిలవండి. పిలిస్తే ఆ రోజు కూలి కట్టివ్వండి, సీజన్ రేటుకు.