వంగడమే నా ఉద్యోగం

నేనొక నైలాన్ పోగుని. ప్లాస్టిక్ పిడికి గుచ్చిన ఒంటి ముక్కని, చూస్తే టూత్‌బ్రష్‌లోంచి ఊడిన పీచులా ఉంటాను. షుగర్ ఉన్నవాళ్ల పాదాలు చూసే గదిలో నా పేరు మోనోఫిలమెంట్, వంశంలో నా నంబరు 5.07. నన్ను అరికాలి మీద నిలువుగా ఆనించి నొక్కితే పది గ్రాముల బరువు దగ్గర వంగిపోతాను. ఆ తర్వాత ఎవరెంత గట్టిగా నొక్కినా నేను ఇంకాస్త వంగుతానే తప్ప ఒత్తిడి పెంచను. నా ప్రయోజకత్వమంతా ఈ వంగడంలోనే ఉంది. నొక్కే చెయ్యి డాక్టరుదైనా నర్సుదైనా, కాలికి అందేది ఒకే బరువు. ముందు పేషెంటు చేతి మీద ఆనించి నా తాకిడి ఎలా ఉంటుందో చూపిస్తారు. తర్వాత కళ్లు మూసుకోమని, బొటనవేలి కింద, వేళ్ల మొదట్లో, ఆనెకాయ లేని చోట ఒక్కో క్షణం నన్ను ఆనించి 'తెలిసిందా?' అని అడుగుతారు. తెలియకపోతే ఆ పాదానికి ప్రమాదమని రాసుకుంటారు. వరసగా పదిమందిని చూశాక నా బలం సడలుతుంది, మళ్లీ నిటారుగా నిలబడాలంటే ఒక రోజు విశ్రాంతి కావాలి. ఆ విశ్రాంతి నాకు ఇచ్చేవాళ్లు తక్కువే.

మా మూలపురుషుడు గుర్రపు వెంట్రుక. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో మాక్స్ ఫాన్ ఫ్రే చర్మం మీద స్పర్శ బిందువులను వెతకడానికి వెంట్రుకలను పుల్లలకు అతికించాడు. 1960లో జోసెఫిన్ సెమ్స్, సిడ్నీ వైన్‌స్టైన్ నైలాన్‌తో మా కుటుంబాన్ని నిలబెట్టారు, అదీ మెదడుకు గాయాలైన సైనికుల స్పర్శను కొలవడానికి. పాదాల దగ్గరికి నన్ను తెచ్చింది మాత్రం కుష్ఠు. కొల్లి కొండల్లో పుట్టి వెల్లూరులో శస్త్రచికిత్సలు చేసిన పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వేళ్లు కుళ్లి రాలిపోవడం లేదనీ, దెబ్బ తగిలినా తెలియక అరిగిపోతున్నాయనీ చూపించాడు. 1966లో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రికి వెళ్లాక అదే చూపుతో షుగర్ పాదాలనూ పరిశీలించాడు. 1986లో అక్కడి పరిశోధకులు బిర్కీ, సిమ్స్ పాదాల్లో పుండ్లు పడ్డవాళ్లకు పది గ్రాముల పోగు తాకిడి తెలియడం లేదని తేల్చారు. నా ఉద్యోగం అక్కడ ఖాయమైంది. అంటే నన్ను నియమించింది నొప్పి లేనివాళ్లను పట్టుకోవడానికి. చెప్పు జారిపోయినా తెలియని కాలు, మేకు దిగినా సాయంత్రం రక్తపు మరక చూశాకగానీ తెలియని కాలు నా పరిధి.

కానీ నా ముందుకు వచ్చేవాళ్లలో ఇంకో రకం కూడా ఉన్నారు. అరికాళ్లకు కారం రాసినట్టు మంట, సూదులతో పొడిచినట్టు పోట్లు, కొందరికి రాత్రిపూట దుప్పటి తగిలినా ఓర్వలేని బాధ. 1885లోనే లండన్ వైద్యుడు పేవీ ఇలాంటి బాధలను వర్ణించాడు. విచిత్రమేమిటంటే వీళ్లలో చాలామందికి కూడా నా తాకిడి తెలియదు. మొద్దుబారిన చోటే మంట. నా లెక్కలో ఈ ఇద్దరూ ఒకటే. దీన్ని నా లోపమని కొందరంటారు. మందంగా ఉండే స్పర్శ నరాలను మాత్రమే నేను పరీక్షిస్తాననీ, నొప్పినీ వేడినీ మోసే సన్న నరాల ఊసు నాకు తెలియదనీ వాళ్ల మాట. నిజమే. నా వాదన ఆ లోపం దగ్గరే మొదలవుతుంది. నొప్పి ఎందుకు పుడుతుందో తెలియాలంటే నొప్పి ఉన్నవాళ్లను ఆరోగ్యవంతులతో పోల్చి లాభం లేదు. అలా పోలిస్తే కనబడేది నరాల నష్టం, నొప్పి కారణం కాదు. నరాలు దెబ్బతిని కూడా నొప్పి లేనివాళ్ల పక్కన పెట్టి చూడాలి. రెండు పాదాలూ నా పరీక్షలో ఒకేలా తప్పాలి, ఒకటి మాత్రమే మండాలి. మిగిలిన తేడాలోనే జవాబు ఉంటుంది.

ఇలా పోల్చినవాళ్లకు ఏం దొరికిందో చూడండి. చర్మంలోంచి మూడు మిల్లీమీటర్ల ముక్క తీసి సన్న నరాల కొసలను లెక్కపెడితే, షుగర్ నరాల జబ్బు ఉన్నవాళ్లలో అవి తగ్గి కనిపిస్తాయి. మండే కాలినీ మండని కాలినీ ఆ లెక్క నమ్మకంగా విడదీయలేకపోయింది. కాబట్టి ఎన్ని నరాలు చచ్చాయన్నది ఒక్కటే ప్రశ్న కాదు, మిగిలినవి ఎలా ప్రవర్తిస్తున్నాయన్నదీ ప్రశ్నే. జన్యువుల్లో వెతికినప్పుడు అసలు కొస దొరికింది. నొప్పి నరాల్లో సోడియం వెళ్లే ద్వారం ఒకటుంది, దాన్ని తయారుచేసే జన్యువు ఎస్‌సీఎన్9ఏ. ఆ ద్వారం పూర్తిగా పాడై, పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లలను 2006లో ఉత్తర పాకిస్తాన్ కుటుంబాల్లో గుర్తించారు. అదే ద్వారం అతిగా తెరుచుకుంటే కాళ్లు ఎర్రబడి మండే జబ్బు వస్తుందని అంతకు రెండేళ్ల ముందే తెలిసింది. 2018లో బ్రిటన్ పరిశోధకులు షుగర్ నరాల జబ్బులో నొప్పి ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చి, ఈ జన్యువులో అరుదైన మార్పులు మొదటి వర్గంలో కొందరిలోనే ఉన్నాయనీ, రెండో వర్గంలో ఎవరిలోనూ లేవనీ చూపించారు. ఆరోగ్యవంతులతో మాత్రమే పోల్చి ఉంటే ఈ మార్పులు నరం దెబ్బతినడానికి కారణమా, దెబ్బతిన్న నరం మండడానికి కారణమా అన్నది తేలేది కాదు. షెఫీల్డ్‌లో మెదడు స్కాన్లు తీసినవాళ్లు కూడా ఈ పద్ధతే పాటించారు. నొప్పి ఉన్నవాళ్ల మెదడులో థాలమస్ అనే భాగంలో రక్తం కదలికలు నొప్పి లేనివాళ్లకంటే వేరుగా ఉన్నట్టు కనబడింది. పాదంలో మొదలైన కథ పాదంలోనే ఆగదన్నమాట.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నొప్పి ఉన్నవాళ్లలో నష్టం సగటున ఎక్కువ ఉంటుందని 2016 నాటి ఒక పెద్ద అధ్యయనమే చెప్పింది. వాళ్లలో స్త్రీలు ఎక్కువ, షుగర్ అదుపు తక్కువ. అలాంటప్పుడు మీరు పోలుస్తున్నది నొప్పినా, జబ్బు ముదిరిన స్థాయినా అని అడగొచ్చు. సగటు మాట నిజం. అయితే ఆ సగటు కింద ఒకదానిలో ఒకటి కలిసిపోయిన గుంపులు ఉన్నాయి. నష్టం చాలా ఉండి నొప్పి లేనివాళ్లు, నష్టం కొద్దిగానే ఉండి నిద్రపట్టనివాళ్లు రెండు చోట్లా కనబడతారు. నష్టమే నొప్పి అయితే వీళ్లు ఉండకూడదు. చేయాల్సిందల్లా నష్టం స్థాయిని సమానం చేసి పోల్చడం, పోలికనే మానేయడం కాదు. ఇంకో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఈ ఇద్దరూ శాశ్వతంగా ఇద్దరు కారు. ఈరోజు మండే కాలు నాలుగేళ్లకు మొద్దుబారి నిశ్శబ్దం కావచ్చు, ఈరోజు నిశ్శబ్దంగా ఉన్నది రేపు మండవచ్చు. ఒకే రోజు తీసిన కొలతలతో ఈ మార్పు అందదు. ఒకే మనిషిని ఏళ్ల తరబడి వెంబడించాలి. అలా చేసినవాళ్లు తక్కువ, ఎందుకంటే నొప్పి లేనివాళ్లు ఆస్పత్రికి రారు. బాధ లేని కాలిని పట్టుకుని లైన్లో ఎవరు నిలబడతారు?

నా వంశంలో ఇంకో శాఖ గురించి చెప్పకపోతే అన్యాయం. ప్రయోగశాలల్లో ఫాన్ ఫ్రే పోగులను వైరు జాలీ మీద నిలబడ్డ ఎలుకల పాదాలకు కింది నుంచి గుచ్చుతారు. పాదం వెనక్కి లాక్కుంటే నొప్పి అని రాసుకుంటారు. మందును పట్టుకుని మనిషి దగ్గరకు వచ్చేది ఆ లెక్కను నమ్మే. కానీ నేను చూసే మనుషుల్లో ఎక్కువమందికి మేం గుచ్చితే నొప్పి రాదు, మేం తాకినట్టే తెలియదు. వాళ్ల నొప్పి ఎవరూ తాకకుండానే, దానంతట అదే వస్తుంది. తాకితే ఉలిక్కిపడేవాళ్లు షుగర్ నరాల జబ్బులో చిన్న భాగం. ఎలుక చెప్పేదీ, మనిషి చెప్పేదీ ఒకే నొప్పి కాకపోతే, ఎలుకలో గెలిచిన మందు మనిషిలో ఓడిపోవడం ఆశ్చర్యమేమీ కాదు. ఆ సోడియం ద్వారాన్ని మూసే మందును షుగర్ నరాల నొప్పి మీద పరీక్షిస్తే, 2018లో వచ్చిన ఫలితం ఆశించినంత లేదు.

సరే, ఇదంతా పరిశోధకుల గొడవ, మంటతో వచ్చినవాళ్లకు దీంతో ఏం ఒరుగుతుంది అనే మాట మిగిలింది. ఇప్పుడిచ్చే మందులు అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబాలిన్. 2022లో బ్రిటన్‌లో వాటిని ఎదురెదురుగా పెట్టి చూస్తే, దేనితో మొదలుపెట్టినా నొప్పి తగ్గడం దాదాపు సమానమే, రెండోది కలిపితే ఇంకొంత మెరుగు. ఎవరికి ఏది పనిచేస్తుందో ముందే చెప్పే మార్గం లేక ఒకటి తర్వాత ఒకటి ఇచ్చి చూడాల్సి వస్తోంది. నొప్పిలో రకాలు విడదీస్తే మార్గం దొరుకుతుందనడానికి ఒక ఆధారం ఉంది. 2014లో డెన్మార్క్ పరిశోధకులు ఆక్స్‌కార్బజెపిన్ ఇచ్చి చూశారు. వాళ్లు తీసుకున్నది షుగర్ ఒక్కటే కాదు, ఇతర నరాల నొప్పులు ఉన్నవాళ్లను కూడా. నరాలు ఇంకా బతికి ఉండి అతిగా స్పందించేవాళ్లలో సుమారు నలుగురికి ఇస్తే ఒకరికి గుణమిచ్చింది. స్పర్శ పోయినవాళ్లలో పదముగ్గురికి ఇస్తేగానీ ఒకరికి పనిచేయలేదు. మందు అదే, బాధ పేరు అదే, నరం స్థితి వేరు.

ఈ మందుల్లో ఏదీ నరాన్ని బాగుచేయదు, నొప్పి గొంతు తగ్గిస్తుంది. టైప్ 1లో షుగర్‌ను గట్టిగా అదుపు చేస్తే నరాల జబ్బు అరవై శాతం దాకా తగ్గుతుందని 1993లో అమెరికా అధ్యయనం తేల్చింది. టైప్ 2లో అంత లాభం కనబడలేదు. భారతదేశంలో పది కోట్లకు పైగా షుగర్ ఉన్నవాళ్లలో అత్యధికులు టైప్ 2 వాళ్లే. వాళ్లలో ఒకరు 'మంట పోయింది డాక్టరుగారూ' అని సంతోషంగా చెప్పిన రోజున దానికి రెండు అర్థాలు ఉండొచ్చు. మందు పనిచేసి ఉండొచ్చు, లేదా మండడానికి నరం మిగిలి ఉండకపోవచ్చు. రెండింట్లో ఏదో ఆ మాటను బట్టి చెప్పలేరు. నన్ను సొరుగులోంచి తీయాల్సింది ఆ రోజే.