రోమాయణం

చవక బ్రష్షుతో గడ్డం గీసుకోవడమంటే, దాని వెంట్రుకలు మన ముఖానికి బదిలీ కావడం. ఒక చెంప నున్నగా అయ్యేలోపు రెండో చెంప మీద నల్లటి నైలాను పోగులు మొలుస్తాయి. రోజూ నురగలోంచి వాటిని ఏరుకోలేక, ఈసారి కాస్త మంచిది కొందామనుకున్నాను. ఆ ‘కాస్త’ దగ్గరే వచ్చింది చిక్కంతా.

అయిదువందలకు పైన, వెయ్యికి లోపు. ఇదీ నేను గీసుకున్న గీత. వ్యాపారస్తుల లెక్కలో మాత్రం గడ్డాలు రెండే రకాలు: క్రీము ట్యూబుతో ఉచితంగా వస్తే తప్ప బ్రష్షు ముట్టనివి, పిడి రోజ్‌వుడ్‌ది కాకపోతే తడవనివి. మధ్యవాడికి అంటగట్టేది గిఫ్ట్ సెట్టు. స్టాండు, గిన్నె, మఖమలు పెట్టె. మన డబ్బంతా పెట్టెకే పోతుంది. లోపల పడుకున్నది పాత బ్రష్షే, కొత్త కోటు తొడుక్కుని.

అదీ దాటి ముందుకెళ్తే, మొదట జంతువును ఎంచుకోవాలట. గుర్రం వద్దనుకున్నాను. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సరిగా శుద్ధి చెయ్యని గుర్రపు వెంట్రుకల బ్రష్షులతో సైనికులకు ఆంత్రాక్స్ సోకింది. ఇప్పుడు ఆ భయం లేదు గానీ, తుపాకీ గుండు తప్పించుకున్నవాడు సబ్బు నురగకు దొరికిపోవడం గుర్తొస్తే చెయ్యి ఆడలేదు. బ్యాడ్జర్ వెంట్రుకలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి, నీళ్ళు బాగా పట్టి ఉంచుతాయి. అందులో మళ్ళీ ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని కులగోత్రాలు. ‘ప్యూర్’ అన్నిటికన్నా అడుగున ఉంటుంది, ‘బెస్ట్’ పైన ఇంకా ఇద్దరు కూర్చుని ఉంటారు. నా గీతలోపు దొరికేది ప్యూరే. అది గుచ్చుతుంది.

మిగిలింది పంది.

“పంది వెంట్రుకలా! ముఖానికా?” అంది అమ్మ, జపం ఆపి మరీ.

వరాహావతారాన్ని దించక తప్పలేదు. స్వామి ఒళ్ళు దులుపుకుంటే రాలిన రోమాలే దర్భలయ్యాయని భాగవతంలో ఉందా లేదా? సింహాచలం అప్పన్న అసలు పేరు మొదలయ్యేదే వరాహంతో కదా? తద్దినంనాడు వేలికి తొడుక్కునే పవిత్రం ఆ దర్భే కదా? కాబట్టి పంది కుచ్చుతో గడ్డం తడుపుకోవడమంటే దర్భతో సంప్రోక్షణ చేసుకోవడమే, ఇంకా మాట్లాడితే రోజూ చెయ్యాల్సిన పనే అని సిద్ధాంతం చేశాను.

అమ్మ కాసేపు ఆలోచించింది. “అలాగే కానీ. మంగళవారం, శుక్రవారం వద్దు. అమావాస్యనాడు అసలే వద్దు. అన్నట్టు, తద్దినంలో వాడిన దర్భ మళ్ళీ వాడకూడదురా. పూటకో బ్రష్షు కొంటావా?”

శాస్త్రచర్చ అక్కడితో ముగిసింది. మా ఆవిడ వంటింట్లోంచే తీర్పు చెప్పింది: “ఏమండీ, దర్భలకు బేరం కుదిరాక గీజరు కట్టెయ్యండి.”

నిజానికి గీజరుతోనే అసలు ఇబ్బంది. పంది కుచ్చును గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెట్టాలి. కొత్తలో వాసనేస్తుంది. వాడగా వాడగా కొసలు చీలి మెత్తబడతాయి. అంతదాకా ముఖం ఓర్చుకోవాలి. పక్షపాతం లేకుండా చెప్పాలంటే, ఈ ధరలో మెత్తటి సింథటిక్కే మేలు. నానబెట్టక్కర్లేదు, తొందరగా ఆరుతుంది, ఏ పురాణమూ అడ్డురాదు. కుచ్చు అడుగున ఇరవైనాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటే మామూలు ముఖానికి చాలు. ఎంత ఎంచి కొన్నా మా బోరు నీళ్ళలో మాత్రం నురగ రాదు, తరకలు తేలతాయి. ఉప్పునీటిలో సబ్బు విరిగిపోతుంది. బ్రష్షు మార్చగలను గానీ భూగర్భాన్ని మార్చలేను కదా.

ఇదంతా తేలాక ఆఖర్న ఫోనులో ఒక మాట కంటపడింది: జాగ్రత్తగా వాడితే ఇరవై ఏళ్ళు వస్తుంది.

ఒకప్పుడైతే ఈ మాటకు పొంగిపోయి ఇంకో పది తగ్గించమని బేరమాడేవాణ్ణి. వస్తువు పోయినా మనం ఉంటామన్న ధీమా అది. ఈసారి ఇరవైని నా వయసుకు కలిపి చూసుకుని ఊరుకున్నాను. కుక్కరు, స్కూటరు, పిల్లల చదువు, అన్నీ మధ్యరకమే కొన్నాను, ఎప్పుడో ఒకనాడు మంచిది కొనుక్కోవచ్చులే అని. అప్పులు తీరిపోయాయి, పిల్లలు స్థిరపడ్డారు. ఆ ఒకనాడు వచ్చి చాన్నాళ్ళే అయి ఉంటుంది. సిల్వర్‌టిప్పే కొన్నా ఇప్పుడు అడిగేవాళ్ళెవరూ లేరు. డబ్బుకు లోటు తీరింది గానీ అలవాటు తీరలేదు. వెయ్యి దాటిన ధర కనబడితే చాలు, నన్నడక్కుండానే వేలు దాన్ని పైకి తోసేస్తోంది.