నా తర్షీషు తార్నాక

దేవుడు నీనెవెకు పొమ్మంటే యోనా ప్రవక్త యొప్పే రేవుకి పోయి, చేతి డబ్బు పెట్టుకుని మరీ తర్షీషు ఓడ ఎక్కాడు. నేను ఆయన కంటే తెలివైనవాణ్ణి. మా అమ్మ డబ్బు పెట్టాను.

మాది ముషీరాబాద్. నేను కడుపులో ఉండగానే అమ్మ నన్ను దేవుని సేవకు ఇచ్చేసింది. నన్నడగలేదనుకోండి. 1964లో రాజమండ్రిలో మొదలైన ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ 1973లో హైదరాబాద్‌కి, లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డుకి వచ్చింది. మా ఇంటి నుంచి నడిచిపోవచ్చు. బయట ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు అనుమానంగా చూసుకునే లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వాళ్ళు అక్కడ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుంటారు. అదొక్కటే పెద్ద అద్భుతం అని ఇప్పుడు అంటాను గానీ, అప్పుడు ఆ గేటు వైపు చూడాలంటేనే నాకు గుండెల్లో రాయి పడేది.

డిగ్రీ అయిపోయింది. మా గుడి పాస్టరు అయ్యగారు సిఫారసు ఉత్తరం రాసిచ్చారు. దరఖాస్తుకీ మొదటి ఖర్చులకీ అమ్మ కొంగుముడి విప్పింది. నోట్లు మెత్తగా, కాస్త తడిగా ఉన్నాయి. సైకిలెక్కి ఆ కాలేజీకని గాంధీనగర్ వైపు తిరగాల్సినవాణ్ణి రామ్‌నగర్ వైపు తిరిగాను. విద్యానగర్ దాటి, రైలుపట్టాలు దాటి, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర తేలాను. ఆ డబ్బు ఎం.ఏ. ఫీజుకి కట్టేసి, తార్నాక దాకా పోయి దర్జాగా చాయ్ తాగాను. యోనాకి వచ్చినట్టు తుఫాను రాలేదు. మింగే చేపా రాలేదు.

అమ్మకి తెలిశాక ఏడుస్తుందనుకున్నాను. తిడితే ఇంకా బాగుండు. ఆ ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతార్పణల కవర్లు చదువుతున్నారు. ఫలానా వారికి పాప పుట్టినందుకు, ఫలానా వారి ఆపరేషన్ బాగా జరిగినందుకు. తర్వాత మా అమ్మ పేరు వచ్చింది. కొడుక్కి యూనివర్సిటీలో సీటు దయచేసినందుకు. కవరు మీద పెన్సిలుతో రాసిన వంకర అక్షరాలు నాకు వెనక వరస నుంచే కనపడ్డాయి. ఆమె నావైపు తిరిగి కూడా చూడలేదు, పాటల పుస్తకంలో తర్వాతి కీర్తన వెతుక్కుంటోంది.

ఇంత జరిగినవాడికి బుద్ధి రావాలి కదా. లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, తార్నాకలో ఇల్లు వచ్చింది, సంఘంలో పేరొచ్చింది, బుద్ధి మాత్రం రాలేదు. ఆదివారం ఆదివారం సీతాఫల్‌మండి, చిలకలగూడ మీదుగా ముషీరాబాద్ గుడికే వెళ్ళేవాణ్ణి. దారిలో పాత జైలు ఉన్న చోట ఇప్పుడు గాంధీ ఆసుపత్రి. ప్రసంగంలో వాడుకోవడానికి పాస్టర్లకి ఇంతకంటే చవకైన ఉపమానం దొరకదు, అందుకే నేను వాడను. కమిటీలో కార్యదర్శినయ్యాను. నా రిజిస్టర్లు చూసి ఆడిటరే మెచ్చుకున్నాడు.

యూత్‌లో ఒక కుర్రాడుండేవాడు. గాయకబృందానికి కీబోర్డు కొందామని పిల్లలు పోగుచేసిన డబ్బు అతని దగ్గర ఉంచారు. దాన్ని తీసుకెళ్ళి అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి కట్టేశాడు. ఉద్యోగం రాలేదు, ముఖం చాటేశాడు. చాలాకాలానికి తిరిగొచ్చి అప్పటి అయ్యగారి ముందు ఏడ్చాడట. సగం డబ్బు తెచ్చాడు. మిగతాది నెలనెలా ఇస్తానన్నాడు.

కమిటీలో నేను లేచాను. పైసాతో సహా కట్టాలి, సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలి, అప్పటిదాకా ప్రభుభోజన సంస్కారం ఇవ్వకూడదు అన్నాను. సాక్ష్యానికి ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారిని కూడా పిలిచాను. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించినాయన, కరువు పోయేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు కదా! పరీక్ష లేకుండా ఎవరినైనా చేర్చుకున్నాడా? అందరూ తలలూపారు. నా కడుపు చల్లబడింది.

ఆ కథలో మిగతా సగం నాకు తెలియదని కాదు, చెప్పలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలిసినప్పుడల్లా మారుతూ. అందులో ఎవరి దగ్గర రసీదు అడిగి ఉంటారు? ఇంకొకటి. క్లౌ ఆగింది వచ్చేవాళ్ళ యోగ్యత తేలాలని కాదు, తన చేతిలో కూలీ డబ్బు ఉందని. ఆకలితో ఉన్నవాడి ముందు తిండి పట్టుకుని దేవుణ్ణి బేరం పెట్టకూడదనుకున్నాడు. అనుమానం తన మీద. నేను ఆ అనుమానాన్ని పట్టుకెళ్ళి కుర్రాడి మీద పెట్టాను.

అయ్యగారు నా మాట వినలేదు. నెల మొదటి ఆదివారం అతన్నీ బల్ల దగ్గరికి పిలిచారు. అతను మోకరించడం చూసి, నేను లేవలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. దేవుడి మీద అలిగి అన్నం మానేశానన్నమాట.

ఇంటికొచ్చాక మా ఆవిడ పప్పు తిరగమోత పెడుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది, "అత్తమ్మ ఇచ్చిన డబ్బు మీరెక్కడ కట్టారండీ?"

ఆవాలు చిటపటలాడుతున్నాయి. నేను వినపడనట్టు పేపరు తీశాను.

యోనా పుస్తకం నాలుగే అధ్యాయాలు. పిల్లలకి ఆదివారపు బడిలో చేప దాకా చెప్పి ఆపేస్తాం, నేనూ అలాగే ఆపేశాను ఎన్నో ఏళ్ళు. అసలు గొడవ చేప కక్కేశాకే మొదలవుతుంది. నీనెవె నాశనం కాలేదని ప్రవక్తకి కోపం. నువ్వు దయగలవాడివని, క్షమించేస్తావని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయానని దేవుడితోనే అంటాడు. సముద్రంలో మునుగుతున్నప్పుడు ఆ దయే ఆయనకి కావలసి వచ్చింది. ఒడ్డున పడ్డాక అదే దయ పరాయి ఊరికి అందితే ఓర్వలేకపోయాడు. ఎండకి నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోతే మాత్రం చచ్చిపోతానన్నాడు. లక్షా ఇరవై వేల మందికి పైగా మనుషులు, బోలెడు పశువులు ఆయన లెక్కలోకి రాలేదు. నా రిజిస్టర్లో కీబోర్డు డబ్బు ఉంది, ఫీజు డబ్బు లేదు.

మనిషి తిరిగి చూడకముందే కృప వాడికి ఎదురొస్తుందని జాన్ వెస్లీ బోధించాడు. ఆ పాఠం నేను ఆదివారపు బడి టీచర్లకి శిక్షణలో చెప్పినవాణ్ణి, బోర్డు మీద బాణం గుర్తులు కూడా గీసి.

మర్నెల సంస్కారానికి లేచాను. అయ్యగారి దగ్గరికి ముందురోజే వెళ్ళి ఫీజు సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "మీ అమ్మగారు నాకంటే ముందున్న పాస్టరుగారికి ఎప్పుడో చెప్పారటండీ, నాకు ఆయనే చెప్పారు" అన్నారు. అంటే కమిటీలో నేను క్లౌ దొరని పిలుస్తున్నప్పుడు కూడా ఆయనకి తెలుసు.

బల్ల దగ్గర మోకరిస్తే, ఖాళీ ఉన్నది ఆ కుర్రాడి పక్కనే. జరిగి చోటిచ్చాడు. "రండి అంకుల్" అన్నాడు. అయ్యగారు రొట్టె పంచుకుంటూ వస్తున్నారు. చెప్పుకుంటే సిగ్గుచేటు, కళ్ళు మూసుకోవాల్సిన సమయంలో ఓరగా తెరిచి, వాడికిచ్చిన ముక్క నా ముక్క కంటే పెద్దదేమోనని చూశాను.

పెద్దదే.