లారీ త్రాగిన నీరు

పదార్థవిజ్ఞానశాస్త్రమునకు ఇంతవరకు అందని మహాద్భుతమొకటి నిడదవోలు పరిసరములందు ఏటేట రెండు పర్యాయములు, సార్వా మాసూళ్లనాడొకసారియు దాళ్వా మాసూళ్లనాడొకసారియు, నిర్విఘ్నముగా జరుగుచుండగా, దానిని పరిశీలించి లోకమునకు వెల్లడింపవలసిన పండితులు కన్నెత్తియైనను చూడకుండుట ఈ ప్రాంతముయొక్క దురదృష్టమని తలంపవలసియున్నది. ఆ అద్భుతమేమనగా: రైతు కల్లములో, కొనుగోలు కేంద్రమువారి మిషనుచేత 17 శాతము తేమ గలదని నిర్ణయింపబడిన ధాన్యము, గోనెసంచులకెక్కి, లారీ నధిరోహించి, నాలుగు మైళ్ల దూరమునగల రైసుమిల్లు వాకిట దిగునప్పటికి 20 శాతము తేమ గలదగును. త్రోవలో వాన లేదు. లారీ కాలువలో పడలేదు. సంచులమీది బరకము తొలగలేదు. అయినను మిల్లుమిషను ఇరువది యని పలికెను గనుక ఇరువదియే సత్యము, పదునేడు భ్రాంతి, రైతు ఆ భ్రాంతికి బస్తాకిన్ని కిలోల చొప్పున తరుగు చెల్లించి, జ్ఞానియై యింటికి మరలును.

ఈ సంగతిని లెక్కకట్టి చూచినచో అద్భుతము ద్విగుణీకృతమగును. 17 శాతము తేమగల 20 టన్నుల ధాన్యములో నీరు 3.4 టన్నులు, పొడి పదార్థము 16.6 టన్నులు. పొడి పదార్థము ప్రయాణమున పెరుగదు, తరుగదు. కావున అదే ధాన్యము 20 శాతమునకు చేరవలెనన్న మొత్తము బరువు 20.75 టన్నులు కావలెను. అనగా ఆ లారీ నాలుగు మైళ్ల దారిలో 750 కిలోల నీరు త్రాగియుండవలెను. ఆ నీరు గాలిలోనిదే యని వాదింతురేని, 30 డిగ్రీల వేడిమియందు తేమతో నిండారిన గాలిలోనైనను ఘనమీటరునకు 30 గ్రాముల నీటియావిరి మాత్రమే యుండును. కావున 25,000 ఘనమీటర్ల గాలిని కడపటి బొట్టువరకు పిండినగాని ఈ ముప్పాతిక టన్ను సమకూరదు. సముద్రము నాపోశనము పట్టుటకు అగస్త్యమహర్షికి తపోబలము కావలసివచ్చెను. గోదావరి గాలి నాపోశనము పట్టుటకు మన లారీకి డీజిలు చాలినది.

ఇంతకన్నను విచిత్రమైనది మరియొకటి గలదు. మిల్లు వాకిటనే యున్న కాటా ఈ 750 కిలోలను కనుగొనజాలదు. ఆ కాటామీద లారీ తక్కిన ఏ కాటామీదనైన తూగినంతే తూగును. నీరు వచ్చినదని తేమమిషను చెప్పును. రాలేదని కాటా చెప్పును. రెండును ఆ మిల్లువారివే. పరస్పర విరుద్ధముగా సాక్ష్యమిచ్చు ఈ ఇరువురిలో ఎవరిని నమ్మవలెనను ధర్మసందేహము న్యాయస్థానములలో పుట్టవచ్చునుగాని మిల్లులో పుట్టదు. బరువు వ్రాయువేళ కాటా మాట చెల్లును. తరుగు వ్రాయువేళ మిషను మాట చెల్లును.

నిడదవోలు తేమకు క్రొత్తది కాదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి విజ్జేశ్వరము కడ తలుపులు దాటిన గోదావరి నీరు పడమటి డెల్టా కాలువలలో పారి, చేలలో నిలిచి, గాలిలోనికెక్కి, తెల్లవారుజామున మంచై మరల చేలమీదికే దిగుచున్నది. వర్షకాలమున ఇక్కడి వంటయింటి ఉప్పు నీరుకారుచుండుటయే ఒక కొలమానము. సామాన్యమైన ఉప్పు, గాలిలోని సాపేక్షార్ద్రత సుమారు 75 శాతము దాటినప్పుడే కరగనారంభించును. అట్టి గాలిలో పరచిన వడ్లు తేమను కోల్పోయియో గ్రహించియో ఇంచుమించు 14 శాతము కడ నిలుచును. గాలి యింకను తడిసినకొలది ఆ అంకె పైకి జరుగును. ఇంతవరకు మిల్లువారి పక్షమున ప్రకృతియే సాక్షి. కాని గింజ గాలితో ఇట్లొక ఒప్పందమునకు వచ్చుటకు దినములు పట్టును. సంచిలో కుక్కి, బరకము కప్పి, అరగంట త్రిప్పినంతమాత్రమున ఆ ఒప్పందము కుదరదు.

తేమను కొలుచు విద్య నిన్న మొన్నటిది కాదు. 1783లో జెనీవా పండితుడు సొస్యూర్ మానవకేశమును సాధనముగా గ్రహించి ఆ విషయమై గ్రంథము ప్రకటించెను. జిడ్డు పోగొట్టిన వెండ్రుక తడిగాలిలో సాగును, పొడిగాలిలో కుంచించుకొనును; ఆ సాగుదల మొత్తము నూటికి రెండున్నర పాళ్లే యైనను, దానినొక ముల్లునకు తగిలించి ఆయన గాలి రహస్యమును బయటపెట్టెను. ఆ వెండ్రుకకొక సుగుణము గలదు: తాను ఎవరి తలనుండి వచ్చినదో, ఎవరి గదిలో వ్రేలాడుచున్నదో అది విచారింపదు.

మన ధాన్యపు మిషను అంతకన్న విద్యావంతురాలు. గిన్నెలో పోసిన వడ్లు విద్యుత్ క్షేత్రమునకు ఎట్లు స్పందించునో చూచి, దానినిబట్టి నీరింత యుండవచ్చునని ఊహించును. నీటికి ఆ స్పందనాంకము సుమారు 80, పొడిగింజకు నాలుగైదు మాత్రమే కనుక ఊహ సాధారణముగా సరిపోవును. అయితే ఊహ ఊహయే. గింజ ఎండవేడిమితో నున్నచో అంకె మారును. మంచుకు పైపొర తడిసినచో మారును. తప్పయు తాలును కలిసినచో మారును. గిన్నెలో వదులుగా పోసినచో నొకటి, కుదించి పోసినచో నొకటి వచ్చును. మార్టేరు పరిశోధనాస్థానము 1982లో విడుదల చేసిన స్వర్ణకును సన్నగింజ రకమునకును ఒకే అమరికతో కొలిచినచో రెంటిలో నొకదానికి అన్యాయము జరుగవచ్చును. అందుచేతనే శాస్త్రజ్ఞులు మిషనును ప్రమాణముగా గాక ప్రమాణముతో సరిచూడవలసిన సాధనముగా నెంచిరి. ప్రమాణము వేరొకటి గలదు: గింజను పొడిచేసి, తూచి, 130 డిగ్రీల వేడిగల పొయ్యిలో రెండుగంటలుంచి, మరల తూచుట. పోయిన బరువే తేమ.

ఈ శాస్త్రచర్చ యంతయు మిల్లు వాకిట రెండు వాక్యములకు కుదించుకొనిపోవును.

“ఆయ్, కేంద్రం కాడ పదిహేడే వచ్చిందండి గుమస్తాగారూ!”

“అక్కడి మిషనుతో నాకేం పని బాబాయ్? ఇక్కడ ఇరవై చూపిస్తోంది. ఇష్టమైతే దింపించండి, లేకపోతే లారీ తిప్పించుకోండి.”

లారీ బాడుగ గంటగంటకు పెరుగుచుండగా, బంగాళాఖాతమున వాయుగుండమని రేడియో చెప్పుచుండగా, ఈ రెండవ వాక్యమును ఖండింపగల తార్కికుడు గౌతమముని వంశమున కూడ పుట్టలేదు. మిషను సరియైనదా యను ప్రశ్న అడుగుటకు తీరిక గలవాడు మిల్లువాడు. అడుగవలసిన అవసరము గలవాడు రైతు. ఇరువురికి నడుమ ఆ ప్రశ్న అనాథయై పోవుచున్నది.

కొనుగోలునకు పెట్టిన 17 శాతమను హద్దు అన్యాయమని నా వాదము కాదు. అంతకు మించి తడిసిన ధాన్యము రాశిలో వేడెక్కును, రంగు మారును, బూజుపట్టును. కోతయంత్రము వచ్చిన పిమ్మట, పనలను చేనిలో ఆరనిచ్చి కుప్పవేసి నూర్చు ఓపిక మనకు పోయినది గనుక, నేడు యంత్రమునుండి జారు గింజ 20 శాతమునకు పైబడియే యుండుట సామాన్యము. పైన నాలుగు బుట్టల ఎండిన వడ్లు పరచి, అడుగున పచ్చివడ్లు దాచిన రైతులును లేకపోలేదు. అందుకే కొలత కావలెను. గింజను పంటికింద నొక్కి, అది విరిగిన చప్పుడునుబట్టి ధర నిర్ణయించిన వెనుకటి షావుకారుకన్న, తప్పులున్నను, మిషనే మేలు. కాని ఆ షావుకారు పన్ను రైతు నోటిలోను గలదు. ఇరువురును కొరికి చూచి వాదించుకొనగలిగిరి. మిషను ఒక పక్షమువారి గల్లాపెట్టె ప్రక్కన కూర్చున్నది.

తరుగు లెక్క కూడ శాస్త్రమునకు లోబడినదే. 75 కిలోల బస్తాలో 18 శాతము తేమ యున్నచో, 17కు దించినప్పుడు పోవునది 0.9 కిలో, 20 శాతమున్నచో 2.7 కిలోలు. ఇది మిల్లువారి మిషనునే నమ్మి వేసిన లెక్క. 2024-25లో సాధారణరకము మద్దతుధర క్వింటాలుకు 2,300 రూపాయలు, బస్తాకు 1,725. కనుక కిలో 23 రూపాయలు. ఒకటి రెండు శాతముల హెచ్చునకు నాలుగైదు కిలోలు కోయువారు ఏ గణితము చదివిరో తెలియదు. ఒకవేళ వారి మిషను కలప వర్తకుల బడిలో చదివియుండవచ్చును. కలపవారు నీటిని మొత్తము బరువుతో గాక పొడి బరువుతో భాగింతురు. ఆ లెక్కను మన 17 శాతమే 20.5 అగును. లారీ అద్భుతమునకు ఇంతకన్న మర్యాదకరమైన సమాధానము నాకు తోచలేదు.

ప్రభుత్వములు ఊరకున్నవని యనరాదు. 2020లో రైతు భరోసా కేంద్రములు వెలసినవి. 2024లో అవియే రైతు సేవా కేంద్రములైనవి. బోర్డు మార్చు శ్రద్ధలో పదవవంతు మిషను సరిచూచుటయందు చూపినచో ఈ వ్యాసమునకు పని యుండకపోవును. వలసినది స్వల్పము. కల్లములో తీసిన నమూనాను గాలి చొరని సీసాలో పోసి, రైతును అధికారియు చేవ్రాళ్లు చేసి, లారీతో పంపవలెను. మిల్లుమిషను ఆ సీసాలోని గింజనే కొలువవలెను. అంకెలు కలియనిచో పొయ్యి తీర్పు చెప్పవలెను. అంతవరకు తరుగు వ్రాయరాదు. వ్రాసినను పై లెక్కకు మించరాదు.

ఇందులో నేదియు సాధ్యము కాదనువారికి కడపటి విన్నపమొకటి. మీ మిషను సత్యమే పలుకుచున్నచో, ఆ ధాన్యము 20.75 టన్నులని కాటాచీటీమీద వ్రాసి, పెరిగిన 750 కిలోలకు 2024-25 మద్దతుధర చొప్పున 17,250 రూపాయలు రైతున కిప్పించి, ఆ పిమ్మట తేమక్రింద మీ ఇష్టమువచ్చినట్లు కోసికొనుడు. మిషనునే నమ్ముదురో, కాటానే నమ్ముదురో మీ యిష్టము. రైతుకు కావలసినదెల్ల ఏదో యొకదానిని రెండు వేళలయందును నమ్ముటయే.