‘ఇచ్చట రిపేరు చేయబడును’: టీకా తాత్పర్య సహితం

అవతారిక. పెట్రోలుతో నడిచే రంపానికి, అనగా పట్టణాల్లో చైన్ సా అనీ పల్లెల్లో కోత మిషను అనీ పిలిచే యంత్రానికి, ఆయుర్దాయాన్ని నిర్ణయించే ప్రమాణం దాని ఇంజను శక్తి అని లోకం నమ్ముతుంది గాని, నిజానికి ఆ ఆయుర్దాయమంతా దానిని అమ్మిన దుకాణపు బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ బోర్డు వాక్యం సూత్రప్రాయమైనది. సూత్రం తక్కువ అక్షరాలతోనూ సందేహానికి తావు లేకుండానూ ఉండాలని పూర్వులు చెప్పిన లక్షణాల్లో మొదటిదానిని మాత్రమే అది పాటిస్తుంది. కాళిదాసు కావ్యాలకు మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి వ్యాఖ్యాతగా దొరికాడు. సికింద్రాబాదు రాణిగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ, జిల్లా కేంద్రాల్లో స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు అమ్మే వీధుల్లోనూ వేలాడే బోర్డులకు మాత్రం అటువంటి భాగ్యం కలగలేదు గనుక, మిషను ఆగిపోయినవాడు మూలాన్ని తనకు తోచినట్లు అన్వయించుకొని, బస్సు చార్జీలు పోగొట్టుకొని, మిషనును గోనెసంచిలో ఎలా తెచ్చాడో అలాగే ఇంటికి మోసుకుపోతున్నాడు.

గ్రంథారంభంలో విషయ, ప్రయోజన, సంబంధ, అధికారులను చెప్పడం మర్యాద. ఇక్కడ విషయం మిషను, ప్రయోజనం అది మళ్ళీ నడవడం, సంబంధం బిల్లు పోకుండా దాచినంతకాలం ఉండేది. అధికారి అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు. సరుగుడు, జామాయిలు, సుబాబులు తోటలు కొట్టించేవారు, కొబ్బరి తోటలవారు, టింబరు డిపోలవారు ఆ కోవలోకి వస్తారు. 2002 నాటి వాల్టా చట్టం తరువాత ఈ పదానికి మరో అర్థం కూడా కుదిరింది. మినహాయింపు పొందిన జాతులు తప్ప తక్కిన చెట్టును సొంత పొలంలోనైనా నరకడానికి అనుమతి కావలసి ఉంది గనుక, మొదటి రకం అధికారి అటవీశాఖలోని రెండో రకం అధికారిని దర్శించుకున్న పిదపనే స్టార్టరు తాడు లాగవలెను.

మూలం. ఇచ్చట అన్ని కంపెనీల చైన్ సాలు అమ్మబడును, రిపేరు చేయబడును, స్పేరుపార్టులు లభించును. ఆదివారము సెలవు.

ప్రతిపదార్థం. ఇచ్చట = ఈ దుకాణమునందు, లేక ఈ దుకాణదారు ఎరిగిన మరొక చోట; అన్ని కంపెనీల = గోడ మీద బొమ్మలున్న కంపెనీలయొక్క; చైన్ సాలు = గొలుసు రంపములు; అమ్మబడును = సొమ్ము చేతబడిన వెంటనే ఇవ్వబడును; రిపేరు చేయబడును = రిపేరు నిమిత్తమై ఉంచుకొనబడును; స్పేరుపార్టులు = విడిభాగములు; లభించును = ఆర్డరు పెట్టినచో వచ్చును; ఆదివారము సెలవు = స్పష్టము.

తాత్పర్యం. అమ్మకం, మరమ్మతు, విడిభాగాలు అనే మూడింటిని ఒకే వాక్యంలో చెప్పినంత మాత్రాన ఆ మూడూ ఒకే కప్పు కింద ఉన్నట్లు గ్రహించరాదనీ, కొనదలచినవాడు వాక్యాన్ని తుది నుంచి మొదటికి చదువుతూ ముందు విడిభాగాలను, తరువాత మెకానిక్కును, చిట్టచివర మిషనును విచారించవలెననీ భావం.

విశేషాలు. ‘ఇచ్చట’ అనే పదం దేశవాచకం. ఏ మిషను మంచిదన్న ప్రశ్నకు ఊరూరా వేర్వేరు సమాధానాలు రావడానికి ఈ పదమే కారణం. 1926లో ఆండ్రియాస్ స్టిల్ స్టుట్‌గార్ట్‌లో స్థాపించిన జర్మన్ కంపెనీ, చాలా దేశాల్లో తన మిషన్లను మరమ్మతు కూడా చేయగల డీలర్ల ద్వారానే ప్రధానంగా అమ్మే పద్ధతిని అలవరచింది. స్వీడన్‌లో 1689లో ఆయుధాల కార్ఖానాగా పుట్టి 1959లో రంపాలలోకి వచ్చిన హస్క్‌వర్నాకు కూడా డీలర్ల వ్యవస్థ ఉంది. అయితే జర్మనీ ఘనత జర్మనీది. అశ్వారావుపేట రైతుకు కావలసినది ఒక్క పూటలో వెళ్ళి రాగల దూరంలో ఉన్న డీలరు. ఎంత గొప్ప కంపెనీదైనా, దాని కార్బురేటరు కిట్టు రెండు జిల్లాల అవతల దొరికేటట్లయితే, ఆ మిషను ‘ఇచ్చట’ మంచిది కాదు.

‘అన్ని కంపెనీల’ అన్నచోట సర్వ శబ్దాన్ని సంకోచించి చెప్పుకోవాలి. విడిభాగాలు రెండు జాతులు. కంపెనీ భేదం పాటించనివి మొదటి జాతి. ఇందులో ముఖ్యమైనది చైను. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన, కలపను తొలిచే పురుగు లార్వా దవడలు అటూ ఇటూ నమిలే తీరు చూసి, వంకీ తిరిగిన పళ్ళు గల చైనును రూపొందించి 1947లో అమ్మడం మొదలుపెట్టాడు. నేటి చైన్లన్నీ దాదాపు ఆ వంశానివే గనుక, మూడు కొలతలు కుదిరితే ఒకరి చైను మరొకరి మిషనుకు నడుస్తుంది. మొదటిది పిచ్; వరుసగా ఉన్న మూడు రివెట్ల పొడవును కొలిచి సగం చేస్తే వచ్చే దూరం. ఇది సాధారణంగా 0.325 అంగుళం గాని, 3/8 అంగుళం గాని ఉంటుంది. రెండోది గేజి, చైను అడుగున బారు (అనగా చైను చుట్టి తిరిగే పొడవాటి ఇనుప పలక) గాడిలో నడిచే పలకల మందం. సాధారణంగా 0.050, 0.058, 0.063 అంగుళాలలో ఏదో ఒకటి. మూడోది ఆ పలకల సంఖ్య. వీటిని డ్రైవ్ లింకులంటారు. 0.325కూ 3/8కూ ఉన్న తేడా అంగుళంలో ఇరవయ్యో వంతు మాత్రమే కావడంతో కంటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి గాని, ఇంజను పక్కనున్న స్ప్రాకెట్టుకు మాత్రం ఆ తేడా ఖచ్చితంగా తెలుస్తుంది. ‘22 అంగుళాల చైను ఇవ్వండి’ అని అడగడం అసంపూర్ణ వాక్యం. ఈ మూడు సంఖ్యలూ బారు తోక భాగాన చెక్కి ఉండడం సాధారణం. నూనె, పొట్టు కలిసి గట్టిపడిన మడ్డిని గుడ్డతో తుడిస్తే శాసనం బయటపడుతుంది.

ఇక్కడ దుకాణాన్ని పరీక్షించే మార్గం ఒకటి ఉంది. తయారైన చైన్ల పెట్టెలు వేలాడదీసిన చోటికంటె, చుట్టగా వచ్చిన చైనును కావలసినన్ని లింకులకు తెంపి, రివెట్టు కొట్టి ఇచ్చే చేతి మిషను బల్లకు బిగించి ఉన్న చోటు ఉత్తమం. ఆ పనిముట్టు అలంకారానికి ఎవరూ కొనరు.

కంపెనీకి కట్టుబడినవి రెండో జాతి. ఆయిలు పంపు, క్లచ్ డ్రమ్ము, స్టార్టరు, ఇగ్నిషన్ కాయిలు ఇందులోకి వస్తాయి. వీటి విషయంలో ‘అన్ని’ అన్నవాడిని ‘ఏవి?’ అని అడగవలసిందే. ఇందులో ఒక వైచిత్రి కూడా ఉంది. 58 సీసీ ఇంజను, 22 అంగుళాల బారుతో, రంగుకో పేరుతో అమ్ముడుపోయే చైనా నమూనా మిషన్లు చాలావరకు ఒకే అచ్చులో పోసినవి కావడం వల్ల, ఒకదాని భాగాలు మరొకదానికి తరచు సరిపోతాయి. కులగోత్రాలు తెలియని ఈ మిషన్లకు చిన్న పట్టణాల్లో సామాను సులభంగా దొరుకుతూ ఉండగా, పేరు మోసిన మిషను ఒక్క రబ్బరు గొట్టం కోసం వారాల తరబడి బల్ల కింద పడి ఉండడం అబ్బురమేమీ కాదు. దీనిని బట్టి చవకదే మేలని తీర్మానించడం తొందరపాటు. వాటి పనితనంలో నిలకడ లేదు. ఒకే పేరుతో వచ్చిన రెండు మిషన్లు రెండు తీర్లుగా నడుస్తాయి.

‘చేయబడును’ అనేది కర్మణి ప్రయోగం. ఈ ప్రయోగంలో కర్త లోపించినా వాక్యానికి దోషం లేదు. దుకాణాలలో కర్త లోపించడం మాత్రం మహాదోషం. అమ్మేవాడు ఉంటాడు, రశీదు రాసేవాడు ఉంటాడు, బోర్డు తెలపని కర్త అయిన మెకానిక్కు ఎక్కడున్నాడో చెప్పేవాడు ఉండడు. పైగా ‘చేయబడును’ అన్న క్రియను వైయాకరణులు తద్ధర్మార్థకమంటారు. అంటే ఫలానా కాలమని చెప్పక స్వభావాన్ని మాత్రమే తెలిపే రూపం. రిపేరు చేయడం ఈ దుకాణపు స్వభావమని మాత్రమే బోర్డు ప్రకటిస్తున్నది. తేదీ ఏదీ ఇవ్వలేదు. మిషను ఇచ్చినవాడు నాలుగోసారి వచ్చి అడిగినా మూలానికి భంగం రాదు.

కర్తను వెతికేవారు ఒక భేదాన్ని గమనించాలి. చేతక్ స్కూటర్లూ, ఆర్ఎక్స్ 100 మోటారు సైకిళ్ళూ బాగుచేసి తలనెరిసిన మెకానిక్కులు చాలా ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అవి టూ-స్ట్రోక్ బండ్లు, రంపం కూడా టూ-స్ట్రోకే, అనగా పిస్టను రెండు కదలికల్లోనే ఒక ఆవృత్తం పూర్తిచేసే ఇంజను గనుక, ప్లగ్గు, బోరు, పిస్టను, రింగుల వరకు ఆ మెకానిక్కు మాట ప్రమాణమే. కార్బురేటరు దగ్గర శాస్త్రం మారిపోతుంది. స్కూటరు కార్బురేటరులో పెట్రోలు మట్టాన్ని తేలే ఫ్లోటు కాపాడుతుంది. అది నిటారుగా ఉంటేనే పనిచేస్తుంది. రంపాన్ని పక్కకు వాల్చీ తలకిందులు చేసీ కోయవలసి ఉంటుంది గనుక, అందులో ఫ్లోటుకు బదులు డయాఫ్రం అనే పలుచని పొర ఇంజను పీల్పుకు కదులుతూ పెట్రోలును వదులుతుంది. పెట్రోలు నింపి నెలల తరబడి మూలన పడేసిన మిషనులో ఈ పొర బిరుసెక్కుతుంది. ఇప్పుడు పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్‌కు తేమను పీల్చే గుణం ఉండడం దానికి తోడు. పొర మార్చవలసిన చోట స్క్రూలు తిప్పి తిప్పి విసిగేవాడు స్కూటరు సంప్రదాయంవాడని తెలుసుకోవాలి.

మరొక పరీక్ష చైను బ్రేకు. బారు కొన పైభాగం కొయ్యకు తగిలినప్పుడు మిషను ఒక్కసారిగా కోసేవాడి మొహం వైపు ఎగదన్నుతుంది. దీనిని కిక్‌బ్యాక్ అంటారు. అప్పుడు చైనును క్షణంలో ఆపేది ముందు చేతికి ఎదురుగా ఉన్న బ్రేకు పలక. అది పట్టేస్తున్నదని ఫిర్యాదు చేస్తే శుభ్రపరిచి సరిచేసేవాడు మెకానిక్కు. ‘ఇదెందుకండీ’ అంటూ ఊడదీసి చేతిలో పెట్టేవాడు ఎంత చవకగా చేసినా మళ్ళీ వెళ్ళదగినవాడు కాడు.

ఇక్కడ పూర్వపక్షం. బాగుచేయించడమెందుకు, ఫోనులో కొత్తది ఆర్డరు చేస్తే ఇంటికే వస్తుంది గదా అని కొందరంటారు. దీనికి సమాధానం: ఇంటికి వచ్చిన పెట్టెతో మెకానిక్కు రాడు. పైగా ‘మిషను లోడు లాగడం లేదు’ అని తెచ్చేవాటిలో చాలా వాటికి జబ్బు మొద్దుబారిన చైను. పొట్టు తునకలుగా కాక పిండిలా రాలడం దాని గుర్తు. దానికి కావలసినది గుండ్రని ఆకురాయి, పావుగంట ఓపిక. మిగిలినవాటిలో ఫిల్టరు, ప్లగ్గు, పెట్రోలు గొట్టం, డయాఫ్రం వంటి చిన్న ఖర్చులే హెచ్చు. పిస్టను బోరుకు పట్టేసినప్పుడు మాత్రమే కొత్త మిషను లెక్క వేయడం న్యాయం. అదీ తరచు స్వయంకృతమే. ఈ ఇంజనుకు వేరుగా నూనె గది లేదు; పెట్రోలులో కలిపిన టూటీ ఆయిలే దాని ఊపిరి. 50కి 1 పాలు అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. ఏ నూనెకు ఏ పాలో డబ్బా మీదా మిషను పుస్తకంలోనూ ఉంటుంది. కూలివాని అంచనా మీద వదిలే విషయం కాదు.

‘లభించును’ అన్న క్రియకు కర్త పేరు కాదు, నంబరు. మిషను ఒంటి మీది మోడలు నంబరునూ, విరిగిన పాత భాగాన్నీ వెంట తీసుకొని వెళ్ళాలి. ఫోనులో ఫొటో కొంతవరకే సాక్ష్యం. వారంటీ ఉన్నది గదా అని ధీమా పడేవారు ఆ కాగితాన్ని కింది వరకు చదవాలి. చైను, బారు, ప్లగ్గు, ఫిల్టర్లు అరుగుదల భాగాలు కావడం చేత సాధారణంగా దాని పరిధిలోకి రావు. కొనకముందే దుకాణంలో నిలబడి పెట్రోలు గొట్టం, డయాఫ్రం కిట్టు, స్టార్టరు స్ప్రింగు ఈ మూడింటినీ చూపించమని అడిగితే బోర్డు సత్యాసత్యాలు అక్కడే తేలిపోతాయి.

‘ఆదివారము సెలవు’ అన్న భాగంలో వ్యాఖ్యాతలకు అభిప్రాయభేదం లేదు. మూలంలో అక్షరాలా ఆచరణలో ఉన్న వాక్యం ఇదొక్కటే. తుపాను మాత్రం వారం చూసి రాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ ఆదివారం నాడే వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లా కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. అటువంటప్పుడు ఊరందరికీ ఒకేసారి చైను కావలసి వస్తుంది గనుక, మిషను ఉన్నవారు సెప్టెంబరులోగానే రెండో చైను, ఒక ప్లగ్గు, స్టార్టరు తాడు, తమ చైనుకు సరిపడే ఆకురాయి తెచ్చి పెట్టుకోవాలి. ఆకురాయి 0.325 పిచ్‌కు సాధారణంగా 4.8 మిల్లీమీటర్లది, చిన్న మిషన్ల 3/8 చైనుకు 4 మిల్లీమీటర్లది.