ర్యాంకు మొదటిది, మంచం నాలుగోది

హైదరాబాద్‌కు ర్యాంకు వచ్చిందంటే ఫ్లెక్సీకి పని పడినట్టే. 2015 నుంచి 2019 దాకా ఐదేళ్లూ మెర్సర్ అనే సంస్థ మన నగరాన్ని జీవన నాణ్యతలో దేశంలోనే మొదటి స్థానంలో నిలబెట్టింది. కొన్నేళ్లు పుణెతో కలిసి లెండి. 2019లో 231 నగరాల ప్రపంచ జాబితాలో మనది 143వ స్థానం. ఆ అంకెకు మాత్రం మన సంబరాల్లో చోటు చాలలేదు.

ఇంతకీ ఈ లెక్క ఎవరి కోసం? ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగిని పరాయి దేశం పంపితే, అక్కడ పడే ఇబ్బందికి ఎంత భత్యం ఇవ్వాలో తేల్చుకోవడానికి. అందుకే మెర్సర్ చూసే 39 అంశాల్లో అంతర్జాతీయ బడులున్నాయా అన్నదీ ఒకటి. అమీర్‌పేట హాస్టల్‌లో ఫోర్ షేరింగ్‌లో నాలుగో మంచం దక్కిన కుర్రాడికి భత్యం ఇచ్చే నాథుడు లేడు. కాబట్టి వాడి ఇబ్బంది ఇబ్బందే కాదు.

2018లో కేంద్ర ప్రభుత్వం కూడా 111 నగరాలను 78 సూచికలతో తూచింది. తిరుపతి 4, విజయవాడ 9, హైదరాబాద్ 27. అదే ఏడాది మెర్సర్ దగ్గర మనమే దేశంలో ఫస్ట్! ఒకే పిల్లాడు ట్యూషన్‌లో ఫస్టూ, బళ్లో ఇరవై ఏడూ వస్తే ఏ తల్లి అయినా పేపరు దిద్దినవాణ్ని అనుమానిస్తుంది.

ఆ 78లో ఇంటి ఓనర్ లేడు. నన్నడిగితే మొదటి సూచిక ఆయనే.

‘‘పెళ్లయిందా బాబూ?’’

‘‘లేదంకుల్.’’

‘‘మేం ఫ్యామిలీకే ఇస్తాం.’’

‘‘అమ్మా నాన్నా వస్తుంటారంకుల్.’’

‘‘వచ్చి ఎన్నాళ్లుంటారు?’’

ఉంటే నీళ్ల బిల్లు, ఉండకపోతే ఫ్యామిలీ కాదు. అమ్మాయి అయితే ఇంకో ప్రశ్న: ‘‘నైట్ డ్యూటీనా? పదింటికి గేటు వేసేస్తామమ్మా.’’ అర్ధరాత్రి షిఫ్టులతో నడిచే నగరంలో గేట్లకు మాత్రం పదింటికే నిద్రొస్తుంది. కులం అడగరు, పాపం మర్యాదస్తులు. ‘‘నాన్‌వెజ్ వండుతారా?’’ అంటారు.

గండం గడిచి హాస్టల్‌లో చేరితే మరిన్ని సూచికలు. పొద్దున బాత్‌రూం ముందు వరస. ఎండాకాలంలో ట్యాంకర్ వచ్చే వేళ. ఆదివారం చికెన్‌లో ముక్క తగిలే అవకాశం. ఖాళీ చేసేనాడు మెయింటెనెన్స్ పేరిట అడ్వాన్సులో పడే కోత. వీటికి మార్కులు వేయడానికి మెర్సర్ నుంచి ఎవరూ రానక్కర్లేదు, వార్డెన్ లేనప్పుడు అడిగితే చాలు.

సంక్రాంతి అయిపోయాక బస్టాండుకు వెళ్లి చూడండి. నాలుగో ర్యాంకు ఊరి నుంచి, తొమ్మిదో ర్యాంకు ఊరి నుంచి ఇరవై ఏడో ర్యాంకు ఊరికి బస్సులు కిక్కిరిసి వస్తుంటాయి. కోచింగ్ ఇక్కడుంది, కంపెనీ ఇక్కడుంది. ఈ ఊరికి ఆఖరి ర్యాంకు వచ్చినా ఆ ఊళ్ల పిల్లలు వచ్చే బస్సు ఇదే.

ర్యాంకులిచ్చే పెద్దలకు ఒక మనవి. ఈసారి లెక్కలు వేసే ముందు, పెళ్లికాని ఇరవై మూడేళ్ల మనిషిగా ఏదైనా టు-లెట్ బోర్డు మీది నంబరుకు రెండుసార్లు ఫోన్ చేయండి. రెండోసారి ఇంకో మతం పేరు చెప్పండి.